హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు : ఆచార్యత్వం, వాగ్గేయకారత్వం

పీఠిక

భారతీయ సంప్రదాయం సంగీత సాహిత్యాలను ఒకే దేవతకు చెందిన రెండు విద్యలుగా భావించింది. ఆచరణలో మాత్రం ఈ రెండూ వేర్వేరు ఇండ్లలో పెరిగాయి. వ్యాకరణాలంకారాలు చదివిన పండితునికి స్వరజ్ఞానం, రాగతాళాలు సాధించిన గాయకునికి శబ్దవ్యుత్పత్తి సమానంగా అబ్బడం అరుదు. ఈ రెండింటికీ నృత్తాభినయాలు తోడై, ఆ మీదట అధ్యాపనశక్తి కూడా ఒకే వ్యక్తిలో కుదురుకోవడం మరీ అరుదు. ఆధునికాంధ్ర దేశంలో అటువంటి సమాహారానికి నిలువెత్తు ఉదాహరణ శ్రీమదజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారు. వారు హరికథకులుగా లోకప్రసిద్ధులు. విజయనగర సంగీత కళాశాలకు ప్రథమాధ్యక్షులుగా వారు చేసిన సేవ, వాగ్గేయకారులుగా వారు సాధించిన సిద్ధి, సంస్కృతాంధ్రాలలో వారు చేసిన భాషాకృషి ఆ ప్రసిద్ధి వెనుక కొంత మరుగుపడ్డాయి. వారి జీవితాన్ని సమగ్రంగా పరిశీలించినపుడు ఈ నాలుగూ ఒకే మూలం నుండి వెలువడిన శాఖలని తేటతెల్లమవుతుంది.

జననం, బాల్యం

నారాయణదాసుగారు రక్తాక్షి నామ సంవత్సర శ్రావణ బహుళ చతుర్దశినాడు, అనగా 1864 ఆగస్టు 31వ తేదీన, బొబ్బిలికి చేరువలోని అజ్జాడ అగ్రహారంలో జన్మించారు. తల్లిదండ్రులు నరసమాంబ, వేంకటచయనులు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. నారాయణదాసు అన్నది హరికథావృత్తిని స్వీకరించిన పిమ్మట స్థిరపడిన పేరు. ఆ ఇల్లు వేదశాస్త్రాలకు, పురాణపఠనానికి నెలవు. తల్లి చదివే భాగవతాన్ని వింటూ, అక్షరాభ్యాసానికి ముందే బాలుడు పోతన పద్యాలను పెక్కింటిని కంఠస్థం చేశాడు. అయిదేండ్ల ప్రాయంలో తల్లితో యాత్రకు వెళ్ళినపుడు పుస్తకాల అంగడిలో భాగవత ప్రతికై మారాము చేసి, వర్తకుడు పరిహాసంగా పరీక్షింపగా గజేంద్రమోక్షణ ఘట్టంలోని పద్యాలను రాగయుక్తంగా చదివి, ఆ గ్రంథాన్ని బహుమానంగా పొందాడన్న ఉదంతం వారి చరిత్రకారులందరూ చెప్పేదే. చదువు, పాట అన్నవి ఆ బాలునికి మొదటినుండీ రెండు వేర్వేరు విద్యలుగా తోచలేదు. పద్యం అంటే పాడదగినది, పాట అంటే అర్థం తెలిసి పలుకదగినది అన్న దృష్టి పసితనంలోనే ఏర్పడింది.

బొబ్బిలి సంస్థాన వైణికులు వాసా సాంబయ్యగారి వద్ద కొంతకాలం సంగీతశిక్షణ జరిగింది. సాంబయ్యగారు బంధువులు కూడా. అటుపిమ్మట ఆంగ్లవిద్యకై విజయనగరం చేరారు. విజయనగరంలోను, విశాఖపట్టణంలోను సాగిన ఆ చదువువల్ల ఆంగ్ల సాహిత్యంతో గాఢమైన పరిచయం ఏర్పడింది. సంస్కృతాంధ్రాలతో పాటు ఆంగ్లం, ఉర్దూ, పారసీకం, అరబ్బీ మొదలైన భాషలను అభ్యసించారు. వీటిలో చాలావరకు స్వయంకృషితో సాధించినవే. అగ్రహారపు వేదఘోష, సంస్థానపు వీణానాదం, ఆంగ్లపాఠశాల పుస్తకాలు అన్న మూడు ప్రవాహాలు కలిసిన స్థలం విజయనగరం. దాసుగారి వ్యక్తిత్వం ఆ సంగమంలోనే రూపుదిద్దుకొంది.

హరికథా ప్రవేశం

1883వ సంవత్సరం వారి జీవితంలో మలుపు. చెన్నపట్టణం నుండి విజయనగరానికి వచ్చిన కుప్పుస్వామి నాయుడు అనే భాగవతుడు చేసిన హరికథాగానాన్ని విని, తన శక్తులన్నింటికీ తగిన రంగం అదేనని ఆ యువకుడు నిశ్చయించుకొన్నాడు. అనతికాలంలోనే ధ్రువచరిత్రను హరికథగా రచించి తానే గానం చేశాడు. అప్పటికి వయస్సు 19 ఏండ్లు. అన్నగారైన పేరన్న సహగానంతో అండగా నిలిచారు.

ఆనాటికి దక్షిణదేశంలో హరికథ ఏర్పడుతున్న ప్రక్రియ. మహారాష్ట్ర కీర్తన సంప్రదాయం తంజావూరికి చేరి, అక్కడ కర్ణాటక సంగీతంతో కలిసి కథాకాలక్షేపంగా రూపుదాల్చింది. తెలుగు దేశంలో యక్షగానం, కూచిపూడి భాగవతం, పురాణ ప్రవచనం బలంగా ఉన్నా, ఒకే వ్యక్తి కవిగా, గాయకుడుగా, నర్తకుడుగా, వ్యాఖ్యాతగా నిలిచి ఒక ప్రబంధాన్ని రక్తికట్టించే పద్ధతికి నిర్దిష్టరూపం లేదు. దాసుగారు ఆ రూపాన్ని కల్పించారు. పట్టుబట్ట, మెడలో పూలమాల, కాలికి గజ్జెలు, చేత చిడతలు ధరించి నిలిచి ఆడుతూ పాడుతూ కథ చెప్పడం వారితో తెలుగువారి హరికథకు లక్షణమయింది. హరికథా పితామహ బిరుదు ఈ కారణంగా సార్థకం.

ఉత్తర సర్కారులనుండి కృష్ణాతీరం వరకు, ఆపైన ఇతర రాష్ట్రాలకు వారి సంచారం విస్తరించింది. రాజమహేంద్రవరం, బందరు వంటి పట్టణాలలో హరికథలతో పాటు సంగీత సాహిత్య అష్టావధానాలు చేశారు. సాధారణావధానంలో ధారణకు, ఆశుకవిత్వానికి పరీక్ష. వారి అవధానంలో ఇవి లయవిన్యాసంతో ముడిపడి ఉండేవి. రెండు పాదాలతో రెండు తాళాలు, రెండు చేతులతో మరి రెండు తాళాలు, శిరఃకంపంతో అయిదవ తాళం చూపుతూ, పల్లవి పాడుతూ, అడిగినవారు కోరిన చోట ముక్తాయించడం వారి అసాధారణ సామర్థ్యం. లయబ్రహ్మ, పంచముఖీ పరమేశ్వర అన్న బిరుదులు దీని ఫలితం. లయమీద వారికి గల అధికారం వట్టి ప్రదర్శనకౌశలంగా మిగిలిపోక, వారి సాహిత్యరచనలోకి ప్రవహించింది. పాదపు నడకను, యతిప్రాసలను, అర్థవిరామాన్ని తాళగతితో సమన్వయింపగల శక్తి వారి కీర్తనలకు ప్రాణం.

ఆస్థాన విద్వత్త్వం

మైసూరు సంస్థానంలో చామరాజ ఒడయారు ప్రభువు సమక్షంలో పొందిన గౌరవం స్వస్థలానికి తెలిసి, పూసపాటి ఆనందగజపతి మహారాజు వారిని తన ఆస్థానానికి పిలిపించుకొన్నారు. ఆనందగజపతి స్వయంగా సంస్కృతజ్ఞులు, సంగీతరసికులు. దక్షిణాది విద్వాంసులతో పాటు హిందూస్థానీ గాయకులకు కూడా ఆ ఆస్థానంలో స్థానం ఉండేది. ఆ పరిచయంవల్ల దాసుగారికి హిందూస్థానీ పద్ధతిలోను ప్రవేశం కలిగింది. అదే ఆస్థానంతో సన్నిహిత సంబంధం గల మరొక మహనీయుడు గురజాడ అప్పారావుగారు. దాసుగారికన్న రెండేండ్లు పెద్దయిన గురజాడ వాడుకభాష శక్తిని 1892లో ప్రదర్శితమైన కన్యాశుల్కంతో నిరూపించగా, దాసుగారు తత్సమపదాలు లేని అచ్చతెనుగును కావ్యభాషగా తీర్చిదిద్దే యత్నానికి జీవితాంతం కట్టుబడ్డారు. ఇద్దరి మార్గాలూ వేరు. తెలుగు పలుకుబడికి స్వయంప్రతిష్ఠ కావాలన్న ఆకాంక్ష ఇద్దరిదీ. ఒకే పట్టణంలో, ఒకే ప్రభువు నీడలో ఈ రెండు ప్రయోగాలు సమకాలంలో సాగడం తెలుగు సాహిత్య చరిత్రలో విశేషించి గమనింపదగిన అంశం.

1897లో ఆనందగజపతి అకాలమరణం చెందారు. విద్వాంసులకు అది పెద్ద దెబ్బ. అయినా దాసుగారు విజయనగరాన్ని విడువలేదు. హరికథకునిగా దేశమంతటా తిరుగుతున్నా, నివాసం అక్కడే.

సంగీత కళాశాలాధ్యక్షత

1919లో పూసపాటి విజయరామ గజపతి మహారాజు విజయనగరంలో సంగీత కళాశాలను స్థాపించారు. ఆస్థానోద్యోగి ఒకరి కుమారుడు అంధుడై ఉండి, సంగీతంపట్ల ఆసక్తి చూపగా, అతని నిమిత్తంగా మహారాజుకు ఈ సంకల్పం కలిగిందని విజయనగరంలో పరంపరగా చెప్పుకొంటారు. చూపులేని ఒక బాలుని విద్యాకాంక్ష వందలమందికి దారి చూపిన విద్యాలయంగా పరిణమించింది. దానికి ప్రథమాధ్యక్షులుగా 55వ ఏట నారాయణదాసుగారు నియుక్తులయ్యారు.

ఈ నియామకపు ప్రాధాన్యాన్ని ఆనాటి సంగీతవిద్యా పద్ధతితో పోల్చి చూడాలి. తెలుగునాట సంగీతం అంతవరకు ప్రధానంగా గురుకులవిద్య. కృష్ణామండలంలో సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రి, వారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు (1883-1951) నిలిపిన త్యాగరాజ శిష్యపరంపర దానికి ఉత్తమోదాహరణ. అక్కడ గురువే పాఠ్యక్రమం, గురువే పరీక్ష. శిష్యుడు గురుగృహంలో ఏళ్ళతరబడి శుశ్రూష చేసి విద్యను గ్రహిస్తాడు. కళాశాలలో తరగతులు, గాత్రవాద్య శాఖలు, కాలపరిమితి, వేతనంపై పనిచేసే అధ్యాపకులు ఉంటారు. గురుకులపు లోతును కోల్పోకుండా కళాశాల వెసులుబాటును ఎలా సాధించాలన్నదే ప్రథమాధ్యక్షుల ముందున్న సమస్య.

అధ్యాపకుల ఎంపికలో దాసుగారి వివేకం తేటపడుతుంది. వాయులీన శాఖకు ద్వారం వేంకటస్వామి నాయుడుగారిని తీసుకొన్నారు. 1893లో జన్మించిన నాయుడుగారికి అప్పటికి ఇంచుమించు పాతికేండ్లు. దృష్టిలోపం కారణంగా బడిచదువు మధ్యలోనే ఆగిపోయింది. ఆయన విద్యార్థిగా చేరడానికి రాగా, వాదనం విన్న దాసుగారు విద్యార్థిగా కాక ఆచార్యునిగానే నియమించారన్నది శిష్యప్రశిష్యుల నోట నిలిచిన కథ. యోగ్యతాపత్రం లేని యువకుని వేళ్ళలోని నాదాన్ని గుర్తించి పీఠమెక్కించిన ఆ నిర్ణయం ఎంత సరియైనదో తరువాతి చరిత్ర నిరూపించింది. ద్వారంవారు 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ గౌరవాలు పొందారు. పాశ్చాత్యవాద్యమైన వయొలిన్‌ను ఏకవాద్యంగా కచేరీ వేదికపై నిలిపిన ఘనత వారిది.

అధ్యక్షపదవిలో దాసుగారు 17 సంవత్సరాలు ఉన్నారు. 1936లో, 72వ ఏట విరమించినపుడు ఆ పీఠాన్ని అధిష్ఠించినవారు ద్వారంవారే. సంస్థకు ఉత్తరాధికారిని సంస్థలోనుండే తయారుచేసుకొని అప్పగించడం ఆచార్యుని బాధ్యతలలో కడపటిది, కష్టతరమైనది. దాసుగారు దానిని నెరవేర్చారు. కృష్ణామండలంలోని చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు తరువాతి కాలంలో అదే కళాశాలకు చేరి, మధుకరవృత్తితో కడుపునింపుకొంటూ, పట్రాయని సీతారామశాస్త్రిగారి ఆదరంతో విద్య పూర్తిచేశారు. అంధబాలుని నిమిత్తంగా పుట్టిన సంస్థ పేదవిద్యార్థిని కూడా అక్కున చేర్చుకొన్నది. అది స్థాపన నాటి స్వభావానికి కొనసాగింపు.

వాగ్గేయకారత్వం

వాక్కును, గేయాన్ని రెంటినీ స్వయంగా నిర్మించేవాడు వాగ్గేయకారుడని లాక్షణికుల నిర్వచనం. దాసుగారి హరికథలు ఈ నిర్వచనానికి సంపూర్ణ లక్ష్యాలు. ధ్రువచరిత్ర, ప్రహ్లాదచరిత్ర, అంబరీషచరిత్ర, గజేంద్రమోక్షణం, రుక్మిణీకల్యాణం, సావిత్రీచరిత్ర, భీష్మచరిత్ర, మార్కండేయచరిత్ర, హరిశ్చంద్రోపాఖ్యానం, జానకీశపథం, యథార్థరామాయణం మొదలైనవి వారి ప్రసిద్ధ కృతులు. గౌరప్పపెండ్లి అచ్చతెనుగులో, హరికథామృతం సంస్కృతంలో రచితాలు. ఒకే ప్రక్రియను మూడు భాషాస్థాయులలో, అనగా సంస్కృతం, సంస్కృతమిశ్రితమైన తెలుగు, అచ్చతెనుగు అన్న వాటిలో నడిపి చూపిన కవి మరొకరు కానరారు.

ఈ కృతులలో కీర్తన, పద్యం, ద్విపద, మంజరి, రగడ, దండకం, వచనం వరుసగా పెనవేసుకొని ఉంటాయి. ఈ వైవిధ్యం అలంకారప్రాయం కాదు. కథ నడవవలసిన చోట వచనం, వేగం కావలసిన చోట రగడ, భావం నిలువవలసిన చోట కీర్తన, స్తుతి ఉప్పొంగవలసిన చోట దండకం వస్తాయి. రాగనిర్ణయం కూడా పాత్రచిత్తవృత్తిని అనుసరించే సాగుతుంది. మూడు నాలుగు గంటలపాటు ఒంటిచేత సభను నిలుపవలసిన కథకునికి ఈ మార్పులే ఊపిరి. రచయితే ప్రయోక్త కావడంవల్ల ఈ కూర్పు పుస్తకంలోనే కాక రంగస్థలంమీద కూడా కుదురుగా నిలిచింది.

శుద్ధ సంగీతరచనలో వారి మహాప్రయోగం దశవిధ రాగనవతి కుసుమమంజరి. పేరు సూచించినట్లు 90 రాగాలను పది తెగలుగా కూర్చిన దేవీస్తుతి ఇది. రాగనామాలు సాహిత్యంలో అర్థవంతంగా ఒదుగుతాయి. రాగమాలికను పాడేవాడు ఒక రాగపు ఛాయనుండి వేరొక రాగపు ఛాయకు తొట్రుపాటు లేకుండా సాగాలి. తొంబది రాగాలలో ఆ పని చేయడానికి శాస్త్రజ్ఞానం, ధారణ, కంఠసాధన మూడూ కావాలి. సంగీత విద్యార్థికి ఇది గ్రంథం, అభ్యాసం, పరీక్ష కూడా.

భాషాకృషి

సంస్కృతంలో వారు తారకం అనే కావ్యాన్ని, రామచంద్రశతకం, కాశీశతకం అనే శతకాలను రచించారు. తెలుగులో బాటసారి వంటి కావ్యాలు, తత్త్వవిచారాత్మకమైన జగజ్జ్యోతి వెలువరించారు. నవరసతరంగిణిలో కాళిదాసు నాటకాలనుండి, షేక్స్పియరు నాటకాలనుండి రసపోషకాలైన ఘట్టాలను ఎన్నుకొని తొమ్మిది రసాల క్రమంలో అమర్చి తెనిగించారు. ఇది అనువాదంతో పాటు తులనాత్మక విమర్శ కూడా. ఆంగ్లనాటకాన్ని భారతీయ రససిద్ధాంతంతో కొలిచి చూసే పద్ధతిని, విశ్వవిద్యాలయాలలో తులనాత్మకాధ్యయనం వేరు శాఖగా నెలకొనకముందే ఒక హరిదాసు ఆచరణలో పెట్టారు.

ఉమర్ ఖయ్యాం రుబాయీల విషయంలో వారు చూపిన నిష్ఠ పరిశోధకులకు ఆదర్శప్రాయం. ఆంధ్రదేశంలో పలువురు 1859లో వెలువడిన ఫిట్జెరాల్డు ఆంగ్లానువాదాన్ని ఆధారంగా చేసుకొన్నారు. దాసుగారు పారసీక మూలాన్ని నేరుగా చదివి, మూలానికొక అనువాదం, ఫిట్జెరాల్డు పాఠానికొక అనువాదం చేశారు. ఆ రెంటినీ సంస్కృతంలోను అచ్చతెనుగులోను కూర్చారు. దీనివల్ల ఆంగ్లానువాదకుడు మూలంనుండి ఎక్కడ తొలగిపోయాడో పాఠకుడు తానే పోల్చుకొని తెలుసుకోగలడు. మూలపాఠ పరిశీలనం, అనువాద పరామర్శ ఒకే గ్రంథంలో ఇమిడిపోయాయి.

అచ్చతెనుగుపట్ల వారి మక్కువ సీమపల్కువహి అనే పదకోశంలోను, ఈసపు కథలను తెనిగించిన నూరుగంటిలోను, లలితా సహస్రనామాలకు తెలుగుసేత అయిన తల్లివిన్కిలోను వెల్లడవుతుంది. శాస్త్రసమ్మతమైన దేవీనామాలకు దేశిపదాలలో సాటి వెదకడం కత్తిమీద సాము. కొన్ని పదాలు నేటి పాఠకునికి సంస్కృతంకన్న కఠినంగా తోచేమాట నిజమే. అయితే మరుగుపడిన పల్లెపదాలను ఏరి కావ్యంలో భద్రపరచడంవల్ల ఆ గ్రంథాలు నిఘంటుకారులకు గనులయ్యాయి. సంస్కృతంలో ధారాళంగా కవిత చెప్పగలవాడు అచ్చతెనుగు పలుకునకు పట్టంకట్టడం ద్వేషబుద్ధితో చేసిన పని కాదు. రెండు భాషల హద్దులూ ఎరిగినవాడు మాత్రమే అటువంటి నియమాన్ని విధించుకోగలడు.

చరమదశ, శిష్యపరంపర

దాసుగారు తమ మొదటి ముప్పది సంవత్సరాల జీవితాన్ని నా యెరుక అనే పేరుతో తామే గ్రంథస్థం చేశారు. అది వారి మరణానంతరం ప్రకటితమయింది. అందులో తమ యౌవనంనాటి దోషాలను, దురలవాట్లను కూడా దాపరికం లేకుండా చెప్పుకొన్నారు. మహాపురుషుల చరిత్రలను స్తుతిమయం చేసే అలవాటున్న కాలంలో ఆ నిర్భీకత తెలుగు ఆత్మకథా వాఙ్మయానికి అలంకారం.

పదవీ విరమణానంతరం విజయనగరంలోనే శేషజీవితం గడిపి, 1945 జనవరి 2వ తేదీన, 80 ఏండ్లు నిండిన పిమ్మట పరమపదించారు. వాజపేయయాజుల సుబ్బయ్య, నేతి లక్ష్మీనారాయణ ప్రభృతులు వారి హరికథా సంప్రదాయాన్ని కొనసాగించారు. తిరువూరు మొదలు సాలూరు వరకు శ్రీరామనవమి పందిళ్ళలో హరికథ వినడం తెలుగు పల్లెలకు, పట్టణాలకు అలవాటు కావడంలో ఆ కథకుల శ్రమ ఎన్నదగినది. కపిలేశ్వరపురంలోని హరికథా పాఠశాలవల్ల ఈ కళ బాలికలకు, మహిళలకు కూడా వృత్తివిద్యగా అందింది.

ఉపసంహారం

నారాయణదాసుగారి వారసత్వం నేడు రెండు ముక్కలయింది. సంస్కృతాంధ్ర విద్యాలయాలలో వారి పేరు అచ్చతెనుగు కావ్యకర్తగా, అనువాదకుడుగా వినవస్తుంది. సంగీత కళాశాలలలో అదే పేరు హరికథకునిగా, ప్రథమాధ్యక్షునిగా వినవస్తుంది. హరికథా గ్రంథాలలో ప్రతి కీర్తనకూ రాగతాళాల పేర్లు కనిపిస్తాయి. ఆ పేర్లు చూచి పండితుడు పద్యాలకు అర్థం చెప్పి ముందుకు సాగుతాడు. గాయకుడు వరుస పట్టుకొన్నా సమాసం విడదీయడంలో తడబడతాడు. రాగం పేరు తెలిసినంతమాత్రాన కీర్తనపు మట్టు తెలియదు. మట్టు శిష్యుల కంఠాలలో నిలుస్తుంది. కంఠం ఆగినపుడు ఆగిపోతుంది. కనుక స్వరలిపితో, అర్థతాత్పర్యాలతో, ప్రయోగసూచనలతో కూడిన సంపూర్ణ పరిష్కరణలు దాసుగారి హరికథలకు అవసరం. ఇది ఒక్క పండితునివల్లనో ఒక్క గాయకునివల్లనో అయ్యే పని కాదు. ప్రాచ్యకళాశాలలు, సంగీత కళాశాలలు కలిసి పూనుకోవలసినది.

ఒక మనిషి తన దేహంలో కలిపి చూపిన విద్యలను ఆయన అనంతరం రెండు సంస్థలు కలిపి చూపడం సాధ్యమే. పాతికేండ్ల యువకునిలో ఆచార్యుని చూడగలిగిన ఆ ప్రథమాధ్యక్షుని స్మృతికి అంతకన్న తగిన అర్చన ఉండదు.